మూడు పుల్లలు పలకలేదు

నా చిన్నప్పుడు మా వరండాలో ఇద్దరు కలిసి తొక్కే సైకిలొకటి ఉండేదంటే మా మనవలు నమ్మరు. ఫోటో చూపించమంటారు. కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో ఆ రోజుల్లో ఫోటో అంటే పెళ్ళికొకటి, పోయాక ఒకటి. సైకిలుకి ఫోటో తీయించేంత సరదా మా నాన్నకు లేదు. కాబట్టి మిగిలింది నా జ్ఞాపకమొక్కటే. అది కూడా నేను ముచ్చటపడి దాచుకున్నది కాదు, వదిలించుకుందామన్నా వదలనిది. మా పిల్లలకెవరికీ మొత్తం చెప్పలేదు. డెబ్బై దాటాక ఇంకా మూట కట్టుకుని ఎక్కడికి పోతాను? అందుకే రాస్తున్నాను.

అది పొడుగాటి సైకిల్. ముందొక సీటు, వెనకొక సీటు, రెండు జతల పెడళ్ళు. వెనక హ్యాండిల్ తిరగదు, పట్టుకోవడానికి మాత్రమే. గంగ ఒడ్డున ఏదో జూట్ మిల్లు బంగళాలో దొరలు వాడి వదిలేసినది, హౌరాలో పాత సామాన్లవాడి దగ్గర మా నాన్న కంటపడింది. దాన్ని నడిపించుకుంటూ ఇంటికి తెచ్చిన రోజు క్వార్టర్లలో తెలుగువాళ్ళంతా వచ్చి నవ్వారు. ఇంజనొకటి తగిలిస్తే ఏకంగా వాల్తేరు దాకా పోవచ్చన్నారు. మా నాన్న మాత్రం నవ్వలేదు. ఆయన దాన్ని తెచ్చింది మా అత్త కోసం.

మా అత్త అంటే నాన్న చెల్లెలు. ఏడో ఏట మశూచి సోకి రెండు కళ్ళూ పోయాయి. నేను చెబుతున్న నాటికి ఆవిడకు ఇరవై రెండేళ్ళు, నాకు పదకొండు. చూపు లేనివాళ్ళకు కుర్చీలకు పేము అల్లే పని ఇచ్చే చోటొకటి హౌరా వైపు ఉండేది. అక్కడ అత్తకు పని కుదిరింది. పని దొరికింది సరే, వెళ్ళడం ఎలా? బస్సు తోపులాటలో రెండుసార్లు కింద పడింది. మా నాన్న షాలిమార్ యార్డుకి డ్యూటీకి పోయేది కూడా ఆ దారినే కనక ఈ సైకిల్ వచ్చింది. ముందు సీట్లో నాన్న దారి చూసేవాడు, వెనక సీట్లో అత్త ఆయనతో సమానంగా తొక్కేది. మొదటి రోజు పని నుంచి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి, "నా కాళ్ళతో నానే ఎల్లొచ్చీసేనొదినా" అని మా అమ్మ భుజం పట్టుకుని ఏడ్చేసింది. అంతకు ముందు పదిహేనేళ్ళు ఆవిడ ఎవరో ఒకరి చెయ్యి పట్టుకోకుండా గడప దాటలేదు మరి.

ఇక మా తాతయ్య, నాన్న వాళ్ళ నాన్న. ఆయన యార్డులో రైలు చక్రాలు కొట్టి చూసే పని చేసి రిటైరయ్యాడు. ఇప్పటివాళ్ళకు ఆ పని తెలియదు. బండి ఆగగానే పొడుగు కర్ర సుత్తి పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూ ఒక్కొక్క చక్రాన్నీ కొట్టాలి. బాగున్న చక్రం ఖంగుమంటుంది. పగిలినది మూలుగుతుంది. పగులు కంటికి ఆనదు, చెవికి మాత్రమే చిక్కుతుంది. అన్నీ కొట్టి చూశాక పెట్టె మీద సుద్దతో తన గుర్తు వెయ్యాలి. ఆ గుర్తు లేనిదే బండి కదలడానికి లేదు. అలా ముప్ఫై ఏళ్ళు ఇనుము మోగించి మోగించి చివరికి ఆయన చెవులే మొద్దుబారాయి. పక్కన కూర్చుని గట్టిగా మాట్లాడితే గానీ వినబడేది కాదు.

సైకిల్ ఇంటికి రాగానే ఆయన మొదట చూసింది వెనక చక్రాన్నే. మామూలు సైకిల్ వెనక చక్రానికి నలభై పుల్లలుంటాయి. దీనికీ నలభయ్యే, కానీ మోయాల్సింది ఇద్దరిని. అందుకని పుల్లలు మామూలు సైకిల్ కన్నా బిగువుగా ఉండాలి. బిగువు కన్నా ముఖ్యం, అన్నీ ఒకలాగ ఉండాలి. గోరుతో మీటితే చైను వైపు పుల్లలు కాస్త కీచుగా, ఎడమవైపువి కాస్త బొంగురుగా పలుకుతాయి, అది దాని తీరు. ఒకే వైపున్న ఇరవై పుల్లలు మాత్రం ఒకే గొంతుతో పలకాలి. ఒక పుల్ల సడలిందంటే అది హాయిగా ఊరికే ఉంటుంది, దాని బరువు పక్కది మోస్తుంది. ముందు విరిగేది ఆ పక్కదే. ఒకటి విరిగాక మిగతావి ఎంతోసేపు ఆగవు.

ప్రతి శనివారం మధ్యాహ్నం సైకిల్‌ని తలకిందులు చేసి ఇద్దరం దాని ముందు కూర్చునేవాళ్ళం. మీటడం, వినడం నా వంతు. రెండేసి పుల్లలు కలిపి పిడికిట్లో నొక్కి బిగువు చూడడం, చిన్న కీతో బిగించడం ఆయన వంతు. ఒకసారి నన్ను లోపలికి పంపి చక్రానికి ఏదో చేసి పిలిచాడు. చక్రం గిర్రున తిప్పి, "బెండుందేటి?" అని అడిగాడు. వంగి చూశాను. బ్రేకు రబ్బర్ల మధ్య రిమ్ము గీత గీసినట్టు తిన్నగా తిరుగుతోంది. లేదన్నాను. అప్పుడు మీటమన్నాడు. నాలుగు పుల్లలు చచ్చినట్టున్నాయి, వాటి పక్కవి తెగేంత కీచుగా అరుస్తున్నాయి. సడలిన వాటిని వదిలేసి పక్కవాటిని బిగించి చక్రాన్ని తిన్నగా చేశాడన్నమాట. "తిన్నగా తిరిగే సక్రమే మోసం సేస్తాది గుంటా. ఊగేదాన్ని ఎవడేనా కనిపెడతాడు" అన్నాడు. అంత చక్కగా మోసం ఎలా చేయాలో కూడా నాకు ఆ రోజే తెలిసిపోయిందని పాపం ఆయనకు తట్టలేదు.

ఆయనకు యార్డు పద్ధతులు కొన్ని ఇంట్లో కూడా ఉండేవి. చక్రం చూశాక సుద్దముక్కతో వెనక మడ్‌గార్డు మీద తన గుర్తు, ఒక అడ్డగీత దాని మీద చుక్క, వేసేవాడు. అది ఉంటేనే నాన్న సోమవారం సైకిల్ బయటికి తీసేవాడు. బండెక్కేవాళ్ళు చక్రం చూసుకోకూడదనేవాడు తాతయ్య, తొందరలో తమకు తామే సర్ది చెప్పుకుంటారట. ఇంకొకటి కూడా ఉంది. ఒకడు గుర్తు వేసిన చక్రాన్ని ఇంకొకడు మళ్ళీ కొట్టకూడదు. కొడితే ఆ మనిషి మాట మీద కొట్టినట్టే. యార్డులో అందుకోసం మనుషులు మాట్లాడుకోవడం మానేసిన సందర్భాలున్నాయని చెప్పేవాడు.

ఆ శనివారం విశ్వకర్మ పూజ. కలకత్తాలో ఉన్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, ఆ రోజు ఆకాశమంతా గాలిపటాలే. ప్రతి వర్క్‌షాపులో, ప్రతి రిపేరు కొట్టులో పనిముట్లు కడిగి పూలు పెట్టి పూజ చేస్తారు, వాటిని ఆ పూట ముట్టుకోరు. మాది క్రైస్తవ కుటుంబం కనక మాకా నియమం లేదు. కానీ గాలిపటాలకు మతమేముంది? పొద్దుటి నుంచి నా మనసు డాబా మీదే ఉంది.

అదే రోజు తాతయ్యతో యార్డులో పనిచేసిన ఒకాయన పోయారని కబురొచ్చింది. తాతయ్య తెల్ల చొక్కా తొడుక్కుని, సుద్దముక్క నా చేతిలో పెట్టాడు. "నాను సమాదుల దొడ్డికెల్తన్నాను. సక్రం ఈ ఏల నువ్వే సూసీ. అన్నీ ఒకలాగ పలికితే గుర్తెయ్యి. నేకపోతే ఎయ్యకు" అన్నాడు. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇన్నాళ్ళూ నేను మీటేదాన్నే, ఆ రోజు గుర్తు వేసే మనిషినయ్యాను. వెళ్ళి అత్తకు కూడా చెప్పాను. ఆవిడ లోపల కూర్చుని దువ్వెనతో జుట్టు చిక్కు తీసుకుంటూ, "ఓలమ్మ, పెద్ద మేస్త్రీవైపోనావే" అని నవ్వింది.

చైను వైపు ఇరవయ్యీ బాగానే పలికాయి. ఎడమవైపు గాలి కొట్టే చోటుకి దగ్గర్లో వరసగా మూడు పుల్లలు పలకలేదు. మీటితే దబ్ దబ్ మని తడిసిన తాడులా. చక్రం తిప్పితే అక్కడ రిమ్ము కొంచెం ఒరిగింది. కీ పెట్టి తిప్పబోయాను. వానాకాలమంతా తడిసి తుప్పు పట్టి మూడింటి మరలూ బిగుసుకుపోయాయి, ఎంత తిప్పినా కదలవు. గట్టిగా పట్టు పడితే కీ జారి అంచులు అరిగిపోతున్నాయి. వీధి చివర సైకిల్ మిస్త్రీ దగ్గరకు పరుగెత్తాను. ఆయన కొత్త చొక్కాలో, పూలు పెట్టిన పనిముట్ల ముందు కూర్చుని ఉన్నాడు. "ఆజ్ హాత్ దేబో నా, మా" అని, ఆ రోజు పనికి చెయ్యి పెట్టనని చెప్పి, నా చేతిలో ఒక సందేశ్ ముక్క పెట్టాడు. కిరసనాయిలు పోసి రెండు రోజులు నానబెట్టమన్నాడు, అంతదాకా సైకిల్ ఎక్కవద్దని కూడా చెప్పాడు. నేను మిఠాయి తింటూ తిరిగొచ్చాను.

డాబా మీద నుంచి పక్కింటి పిల్లలు పేరు పెట్టి అరుస్తున్నారు. ఎక్కడో పూజ దగ్గర ఢాకు డోళ్ళు వాయిస్తున్నారు. ఆ చప్పుడులో పుల్లల చప్పుడు ఎలాగూ సరిగా వినబడదని నాకు నేనే చెప్పుకున్నాను. కదలని మూడింటినీ వదిలేసి వాటి పక్కవాటిని బిగించాను. చక్రం తిప్పి చూశాను. రిమ్ము తిన్నగా, ఎంత అందంగా తిరిగిందో! గుర్తు వేయకుండా వదిలేయవచ్చు. వదిలేస్తే సోమవారం అత్త పనికి వెళ్ళదు, అంతే. కానీ తాతయ్య మొదటిసారి సుద్ద చేతికిస్తే గుర్తు వేయలేకపోయానని చెప్పుకోవడం నాకు నామోషీ అనిపించింది. అడ్డగీత గీసి, చుక్క పెట్టి, డాబా మీదికి పరుగెత్తాను. ఆ సాయంత్రం మూడు గాలిపటాలు తెంపాను.

తాతయ్య తిరిగొచ్చి మడ్‌గార్డు వైపు చూశాడు. చక్రం ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే ఒక్క నొక్కుకి తెలిసిపోయేది. గుర్తు నాది కదా, మళ్ళీ చూస్తే నన్ను అవమానించినట్టని ఆయన లెక్క. నా నెత్తి మీద చెయ్యి వేసి లోపలికి పోయాడు.

ఆదివారం ఆరాధనకు నాన్న, అత్త ఆ సైకిల్ మీదే వెళ్ళారు. మేం గుడి అనే చర్చి దగ్గరే, దారంతా చదును. నేను, అమ్మ వెనకాల నడుస్తున్నాం. సైకిల్ నుంచి టిక్, టిక్ మని చప్పుడు మొదలైంది. ఒక్కోసారి ఆగేది. ఆగినప్పుడు నాకు ఊపిరి వచ్చేది, మళ్ళీ టిక్ మనగానే ఎన్నోదో లెక్కపెట్టేదాన్ని. కొత్తగా బిగించిన పుల్లలు కొంత దూరం అలాగే చప్పుడు చేస్తాయి, అది నిజమే. నాన్న కూడా అదే అన్నాడు. గుడిలో పాడిన పాటలేవీ నా చెవికెక్కలేదు. బయటికొచ్చాక అత్త నా భుజం తడిమి పట్టుకుని, "ఏటే ఆ సప్పుడు? సక్రం బాగుందా?" అని అడిగింది. "బాగుందత్తా. బిగించేను కదా, సర్దుకుంటంది" అన్నాను. "నువ్వు సూసేవు కదా, ఇంకేటి" అని ఆవిడ వెనక సీటెక్కింది. ఇంటికొచ్చాక నేను చక్రం దగ్గరకు పోలేదు. చూస్తే తెలిసిపోతుందని చూడలేదు.

సోమవారం తెల్లారేసరికి మబ్బు పట్టి ఉంది, సన్నటి తుంపర. మా దారిలో పట్టాల మీదుగా పెద్ద వంతెన ఒకటి ఉంది. ఎక్కేటప్పుడు ఇద్దరూ దిగి సైకిల్ తోసుకుంటూ పోయి, పైన మళ్ళీ ఎక్కి అవతలికి దిగేవారు. దిగేచోట వాలు ఎక్కువ. కిందకు చేరగానే లారీల రోడ్డు. రోజూ వెళ్ళే దారే. ఆ రోజు మాత్రం ఆ వాలు నా కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. అత్త చీర కుచ్చిళ్ళు చైనులో పడకుండా దోపుకుంది, టిఫిను డబ్బా తగిలించుకుంది. నాన్న గుర్తు చూసి సైకిల్ కిందకు దింపాడు. నోరు తెరిచాను. సైకిల్ వీధి మలుపు తిరిగింది.

తాతయ్య మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. తనకు తోచినట్టు మెల్లగా అన్నాడు: "మొన్న మావోడ్ని పాతేసి వొస్తంటే దిగులేసింది. మా తరం అయిపోతందని. మరి ఇంటికొచ్చి నీ గుర్తు సూసేక దిగులు పోయింది. ఇంట్లో సెవున్నోలున్నారు, సాలు."

నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. "తాతా, మూడు పలకనేదు" అన్నాను. వినబడలేదు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. ఆయన నా మొహం చూసి, "పక్కపక్కవేనా?" అని ఒక్క మాట అడిగాడు. తలూపాను. టీ గ్లాసు ఎక్కడ పడిందో తెలియదు. దండెం మీద ఆరేసిన ఎర్ర తువ్వాలు, అక్కడ గంచా అంటారు, లాక్కుని, చెప్పులైనా లేకుండా పరుగెత్తాడు. రోడ్డున పోతే వంతెన ఎక్కి దిగేసరికి ఆలస్యమవుతుంది. ఆయన యార్డులోకి దూకి పట్టాలకు అడ్డంగా పడ్డాడు. అరవై ఆరేళ్ళ మనిషి, కంకర మీద వట్టి కాళ్ళతో. నేను వెనకాల. ఒక లైను మీద గూడ్సు పెట్టెలు నిలబడి ఉంటే కింద నుంచి పాకి అవతల తేలాం. అలా పాకవద్దని నన్ను వెయ్యిసార్లు తిట్టిన మనిషి ఆయన.

వంతెన అవతలి వైపు రోడ్డు మీదికి వచ్చేసరికి వాళ్ళు పైన సైకిలెక్కి దిగడం మొదలుపెట్టారు. అత్త నీలం చీర కనిపించింది. తాతయ్య రోడ్డు మధ్యలో నిలబడి గంచా రెండు చేతులతో ఊపాడు. నాన్న కూడా రైల్వే మనిషే, ఎరుపు ఊగితే ఎవరు ఏమిటని ఆలోచించడు. బ్రేకు పట్టాడు. వేగం సగానికి పైగా తగ్గింది. అప్పుడు విన్నాను. టప్. ఆ వెంటనే టప్, టప్, టప్ మని ఒకదాని వెనక ఒకటి. వెనక చక్రం అప్పడంలా ముడుచుకుపోయింది. సైకిల్ ఎడమవైపుకి పడింది, అత్త ఎడమ చెయ్యి కిందపెట్టి పడింది. కుడివైపు నుంచి ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆవిడ చీర చెంగు మీద దాని టైరు మరక పడింది.

మణికట్టు విరిగింది. ఆసుపత్రి వరండాలో నాన్న తాతయ్య మీద విరుచుకుపడ్డాడు. "సెవులు పోయేక ఆ పని మీకెందుకయ్యా? దాని పేణం పోయేది!" అన్నాడు. నేను తాతయ్య వెనక నిలబడి ఉన్నాను. చక్రం నేను చూశానని నాన్నకు తెలియదు, ఆయనకు తెలిసిందల్లా మడ్‌గార్డు మీద ఎప్పుడూ ఉండే గుర్తే. తాతయ్య ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. "గుర్తు నాదేరా. తప్పు నాదే" అన్నాడు. ఆయన అరికాళ్ళ నుంచి ఇంకా రక్తం కారుతోంది.

నాన్న కీ తీసేసుకున్నాడు. ఇంకెప్పుడూ ఆ చక్రం జోలికి రావద్దన్నాడు. క్వార్టర్లలో కబురు పాకింది, ముప్ఫై ఏళ్ళలో ఒక్క పగిలిన చక్రాన్నీ వదలని మనిషి సొంత కూతురి చక్రాన్ని వదిలేశాడని. సాయంత్రం టీ కొట్టు దగ్గర పాత యార్డు మనుషులు కూర్చునే బల్ల మీదికి ఆయన వెళ్ళడం మానేశాడు. గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు పక్కన కూర్చుని, ఎందుకలా చెప్పావు తాతా అని చెవిలో అడిగాను. నా వైపు తిరిగి చెప్పాడు: "నా సెవి పోయిందని ఊరందరికీ ఎరికే. ఇంకా పోడానికేటుంది? నీ మాట పోతే మరి నీకేటి మిగుల్తాది?" తిట్టి ఉంటే బాగుండేది. రెండు దెబ్బలు వేసి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.

మరునాడు బడి ఎగ్గొట్టి అత్త మంచం దగ్గరకు వెళ్ళాను. చేతికి పట్టీ కట్టి ఉంది. ఏడుస్తూ మొత్తం చెప్పాను, తుప్పు పట్టిన పుల్లలు, మిస్త్రీ వద్దన్నది, గాలిపటాలు, అన్నీ. ఆవిడ కదలకుండా విన్నది. అరుస్తుందని, పొమ్మంటుందని ఎదురు చూశాను. ఆవిడ కుడి చేత్తో నా మొహం తడిమి, నాకు ఏ మాత్రం తెలియని సంగతి చెప్పింది.

"నాకు ఆదోరమే తెలిసిందే. మీరంతా గుడి మెట్ల మీద మాటాడుకుంటంటే నాను పుల్లల మీద ఏలు పోనిచ్చేను. మూడు కాడ సప్పుడు నేదు. అందుకే నిన్నడిగేను. నువ్వు బాగుందన్నావు. నువ్వు కల్లతో సూసినదానివి కదా, నా సెవే తప్పనుకున్నాను."

ఆ రాత్రి భోజనాల దగ్గర అందరి ముందూ నాన్నకు నిజం చెప్పాను. దెబ్బలు పడ్డాయి, అవి గుర్తు లేవు. నాన్న లేచి వెళ్ళి తాతయ్య కాళ్ళ దగ్గర కూర్చున్నాడు, అది గుర్తుంది. మూడు నెలలకు కొత్త పుల్లలతో చక్రం కట్టించారు. అత్త చెయ్యి కాస్త వంకరగా అతుక్కుంది గానీ పేము లాగడానికి పనికొచ్చింది. మళ్ళీ వెనక సీటెక్కేముందు ఆవిడ నన్నే పిలిచి అడిగింది, ఎలా ఉందని. నేను మూడుసార్లు మీటి, నాలుగోసారి ఆవిడ చేత మీటించాను.

తరువాత నేను నర్సునై ముప్ఫై మూడేళ్ళు పనిచేశాను. ఇప్పటికీ మా ఇంట్లో నన్ను ఆట పట్టిస్తుంటారు, అమ్మమ్మ నోట బాగుందన్న మాట రావాలంటే గంట పడుతుందని. కూర బాగుందా అన్నా ఆలోచిస్తానట. నవ్వుకోనీ. నేను తాతయ్య నేర్పిన పని మరిచిపోయాను, ఏ పుల్ల ఎలా పలకాలో ఇప్పుడు చెప్పలేను. మా అత్తకు ఈ లోకంలో నమ్ముకోవడానికి ఉన్నవల్లా రెండు చెవులు. నా ఒక్క అబద్ధంతో ఆవిడ వాటిని కూడా నమ్మకుండా సీటెక్కింది. ఎవరైనా నా మొహం చూసి, నువ్వు చెబితే సరేలే అంటే నాకు ఈ వయసులో కూడా భయమేస్తుంది, ఇంకోసారి చూసొస్తానంటాను. ఆ భయం పోగొట్టమని దేవుణ్ణి ఎప్పుడూ అడగలేదు.